మేడ మీది ఎండ

చిలకలూరిపేటలో కిన్నెర అనే డిగ్రీ చదివే అమ్మాయి ఉండేది. భూమిని కాపాడమని ఊరందరికీ చెప్పేది గాని, సొంత ఇంట్లో ఎవరు ఏ పని ఎలా చేస్తున్నారో ఒక్కనాడూ చూసేది కాదు. వాళ్ల అమ్మ శేషరత్నం వడియాలు పెట్టి కొట్లకు వేసేది. నాన్న ఆర్టీసీ డ్రైవరు.

శివరాత్రి వెళ్లాక, మేడ మీద సోలార్ పలకలు పెట్టించాల్సిందేనని కిన్నెర పట్టుబట్టింది.

"ఎక్కడ పెడతారే అవి?" అని అడిగింది శేషరత్నం.

"ఎండ బాగా తగిలే చోట."

"మేడంతానా?"

"మార్పు మన ఇంటి నుంచే మొదలవ్వాలమ్మా. అడ్డు చెప్పేవాళ్లంతా స్వార్థపరులే."

పిండి కలుపుతున్న శేషరత్నం ఒకసారి మేడ మెట్ల వైపు చూసింది. మళ్లీ కలపడం మొదలుపెట్టింది.

పలకలు వచ్చాయి. మేడంతా పరుచుకున్నాయి. జూన్ ఐదు, పర్యావరణ దినోత్సవం నాటికి తమ ఇంటి కరెంటు మీటరు రీడింగు సగానికి తగ్గుతుందనీ, కావాలంటే వచ్చి చూసుకోమనీ కిన్నెర వీధివాళ్లకు మాట ఇచ్చింది. అది నిజమైతే తామూ పెట్టించుకుంటామని నాలుగిళ్లవాళ్లు అన్నారు.

నెల గడిచినా రీడింగు తగ్గలేదు. రెండో నెల కాస్త పెరిగింది కూడా. కిన్నెరకు ఏమీ అర్థం కాలేదు. ఫ్యాన్లు ఆపించింది. పక్కింటివాళ్లు తీగ తగిలించారేమోనని గోడ వెంట వెతికింది. పలకలు తుడుద్దామని మేడ ఎక్కితే, అక్కడ ఎప్పుడూ ఉండేదేదో లేనట్టు అనిపించింది, ఏమిటో తట్టలేదు. నాన్నను అడిగితే తల గోక్కుని, "మీ అమ్మనడుగు" అన్నాడు. కరెంటు సంగతి అమ్మకేం తెలుసని ఆమె అడగలేదు.

రేపు జనం వస్తారనగా కిన్నెర రోజూ తిరిగే ప్రచారానికి వెళ్లకుండా ఇంట్లోనే ఉంది. మధ్యాహ్నం వెనక గదిలోంచి గుయ్యిమని చప్పుడు వినిపించింది. తలుపు తీస్తే వేడి గాలి మొహానికి కొట్టింది. లోపల బీరువా అంత మిషను, దాని అరల నిండా మినప వడియాలు.

"ఏంటమ్మా ఇది?"

"వడియాలు ఆరబెట్టే మిషను. మీ నాన్న తెచ్చాడు."

"బయట ఎండ మండిపోతుంటే మిషనెందుకు?"

శేషరత్నం చెంగుతో మొహం తుడుచుకుంది. "వడియాలు ఎండే మేడంతా నీ పలకలకిచ్చాం గదే. అవి చేసిన కరెంటుతో నేను మళ్లీ ఎండ చేసుకుంటున్నా. అది చాలక బయటి కరెంటూ లాగుతోంది."

"నాకు చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదు. స్వార్థమన్నావు. కాబోసు అనుకున్నా."

కిన్నెర అరలోంచి ఒక వడియం తీసి చూసింది. ఇరవై ఏళ్లుగా ఒక్క తీగ లేకుండా, ఒక్క నినాదం లేకుండా ఎండతో పని చేసుకున్న మనిషికి తను పాఠం చెప్పిందా? ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో కూడా ఆమెకు తెలియలేదు.

మర్నాడు వీధివాళ్లకు ముందు మీటరు చూపించింది, తర్వాత వెనక గది చూపించింది. "ఎండని వైర్లలో తిప్పి వడియం పెట్టారన్నమాట" అని ఎవరో నవ్వారు. కిన్నెర తలదించుకుని, అవునంది.

ఆ వారమే తండ్రీకూతుళ్లు సగం పలకలను వెనక గది రేకుల కప్పు మీదికి మార్పించారు. ఖాళీ అయిన చోట శేషరత్నం పాత చీర పరిచింది. కిన్నెర పక్కన కూర్చుని వడియాలు పెట్టింది. అవి వంకరగా వచ్చాయి, అయినా ఎండాయి.

లోకానికి మంచి చెయ్యాలనుకునేవాళ్లు ముందు ఇంట్లోవాళ్ల పని చూడాలి, వాళ్ల మాట అడగాలి. అడగకుండా చేసిన మంచి, అప్పటికే మంచి చేస్తున్నవాళ్ల చోటునే ఆక్రమిస్తుంది.