పొరతో పాటు తిరగని వంపు

ల్యాబు పెద్ద హైమవతి గారిని ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, ఇంకో కొలత తీసుకురమ్మంటారు. ఆ అలవాటు తెలిసి కూడా ప్రభంజన్ ఆ రోజు ఆమె బల్ల ముందు నిలబడి గట్టిగానే అడిగాడు.

"తప్పు కళ్లకు కనబడుతుంటే ఆయన్ని ఎందుకు వెనకేసుకొస్తున్నారు మేడమ్?"

అతనికి ఒళ్లు మండిపోతోంది. గాజు పలకల మీద వెంట్రుకలో వెయ్యో వంతు మందాన బంగారు పొర పూసేది నాగూర్ మీరా అనే పెద్దాయన. ఆ పొరలో కరెంటు పంపి, పైన అయస్కాంత క్షేత్రాన్ని చుక్క చుక్కగా కొలిచి, దాన్నిబట్టి కరెంటు ఏ దారిన పోతోందో పటం గీసేది ప్రభంజన్. పటంలో ఒక మూల కరెంటు వంకర తిరిగింది. అంటే పొర అక్కడ చీలిందని అతని తీర్పు. మూడు పలకల్లోనూ అదే తంతు! మూడు నెలల పని బూడిదలో పోసిన పన్నీరయింది. మీరాని ఉద్యోగంలోంచి తీసేయమని డైరెక్టరుకి కాగితం రాసేశాడు. కింద తన సంతకం ఉంది, ఆమెది పడడమే తరువాయి.

మీరా గుమ్మం దగ్గరే నిలబడి అంతా విన్నాడు. "ఇరవై రెండేళ్ల నుంచి పూస్తున్నానమ్మా. ఈ బాబు ఒక్కసారైనా వచ్చి నన్ను అడిగాడా?" అన్నాడు పళ్లు బిగించి.

హైమవతి గారు కాగితం వైపు చూడలేదు. "పలకని అటు చివర ఇటు తిప్పి పెట్టి మళ్లీ కొలువు," అన్నారు.

ప్రభంజన్ విసవిసా వెళ్లి తిప్పి పెట్టాడు. రెండు గంటలకి పటం వచ్చింది. పొర తిరిగింది కాబట్టి చీలిక కూడా ఎదురు మూలకి చేరాలి. చేరలేదు. వంపు పాత మూలనే తిష్ట వేసుకుని కూర్చుంది.

ఆమె వంగి పలక పెట్టే దిమ్మ కింద చూశారు. కరెంటు తెచ్చే తీగనీ తీసుకుపోయే తీగనీ జడలా మెలివేయాలి, అప్పుడే ఒకదాని క్షేత్రాన్ని ఇంకోటి రద్దు చేస్తుంది. ఆ ల్యాబులో మొదటి రోజు నేర్పే పని అది. తీగలు కలిపిన ప్రభంజన్ మహానుభావుడికి అంత ఓపిక లేకపోయింది. విడిగా వదిలేసిన తీగ సరిగ్గా ఆ మూల కిందుగా పోతోంది. పటంలో వంపు ఆ తీగ క్షేత్రం వల్ల వచ్చిందే, పొరలో చీలికే లేదు.

ప్రభంజన్ కూడా వంగి చూశాడు. ఏం చెయ్యాలో తోచక ఆ తీగని పీకి నేలకేసి కొట్టాడు.

"దాని మీదెందుకు నీ ప్రతాపం?" హైమవతి గారి గొంతు మొదటిసారి లేచింది. "పొరలో కరెంటు మనకి కనబడదు, ఊహిస్తాం. ఊహించి, ఒక మనిషి పొట్ట కొట్టే కాగితం మీద సంతకం పెట్టావు. చెయ్యి వణకలేదూ?"