నాలుగుసార్లు తెరిచిన తలుపు

ఆ ఉదయం నూకరత్నానికి కాలు ఒకచోట నిలవడం లేదు. ఆమె పనిచేసే విశాఖ హోటల్ వారు అరకులో కొత్త శాఖ తెరుస్తున్నారు. అక్కడి వంటశాలకు ముఖ్య వంటమనిషిగా ఎవరిని పంపాలో ఇక్కడి వంటశాల చూసే జోజప్ప మాస్టారు మధ్యాహ్నంలోగా రాసివ్వాలి. ఆ కాగితం ఉప్పు జాడీ కింద ఉంది. పేరు రాయవలసిన చోటు ఖాళీగా ఉంది. రెండేళ్లుగా ఆమె ఆయన శిష్యురాలు.

"సాల్మన్ చెయ్యి," అన్నారు మాస్టారు.

భీమిలి రేవులో పుట్టిన పిల్లకు చేపంటే బెరుకేమిటి? గులాబిరంగు ముక్కకు ఉప్పు, మిరియాలపొడి, చెంచాడు నూనె పట్టించి ఓవెన్‌లో పెట్టింది. పాతకాలపు ఓవెన్, తలుపుకు అద్దం లేదు. నూరిన ఆవాలు, తేనె, నిమ్మరసం పెరుగులో కలిపి సాస్ చేసింది. వేలితో తీసి నాలుకకు రాసుకుంది. కుదిరింది! గుండె దడదడలాడింది.

"మాస్టారూ, నేను పనికొస్తానంటారా?"

జోజప్ప మాస్టారు లేచారు. ఓవెన్ తలుపు తెరిచి, లోపలికి తొంగిచూసి, మూసి, వచ్చి కూర్చున్నారు.

రెండు నిమిషాలు ఆగింది. అంతకు మించి ఆమె వల్ల కాలేదు.

"మా అమ్మ అప్పుడే దుప్పట్లు సర్దీసింది మాస్టారూ. వెళ్తానా, వెళ్లనా?"

ఆయన మళ్లీ లేచి తలుపు తెరిచి, మూసి వచ్చారు.

"పోనీ, సాస్ అయినా బాగుందా?"

మళ్లీ అదే. వేడిగాలి ఆమె ముఖానికి కొట్టింది.

"ఏటి మాస్టారూ, ఉలకరు పలకరు! నా పేరు రాస్తారా, రాయరా?"

ఆయన నాలుగోసారి తలుపు తెరిచారు. నూకరత్నం ఒక్క ఉదుటున వెళ్లి మూసేసింది.

"ఒద్దు మాస్టారూ! ఊరికే తెరుస్తుంటే వేడంతా పోదా? చేప ఎప్పటికి ఉడికేను?"

"నాలుగుసార్లు అడిగావు," అన్నారు ఆయన. "నాలుగుసార్లు తెరిచాను."

నూకరత్నం తలుపు మీది చెయ్యి తీసింది. స్టూలు లాక్కుని కూర్చుంది. గుండె కొట్టుకుంటూనే ఉంది. దానిని అలాగే కొట్టుకోనిచ్చింది.

కొంతసేపటికి వాసన మారింది. ఆమె లేచింది. మాస్టారి వైపు చూడకుండానే పళ్లెం బయటకు తీసింది. వేలితో నొక్కితే చేప పొరలు పొరలుగా విడింది. పక్కన సాస్ వడ్డించి ఆయన ముందు పెట్టింది.

మాస్టారు తిన్నారు. ఆసాంతం తిన్నారు. ఎలా ఉందని ఆమె అడగలేదు.

ఆయన చెయ్యి తుడుచుకుని, ఉప్పు జాడీ కింది కాగితం తీసి, కలం మూత విప్పారు.

"నీ ఇంటిపేరేమిటమ్మా?"