దళవాయి తోలు జోళ్లు

గుర్రం మీద రాజుగారి వార్తలు మోసే ఓబులేసు దర్బారులో మండిపడ్డాడు. "ప్రభూ! దళవాయిగారు మాకిచ్చిన పట్టు ముచ్చెలు రికాబులో కాలు పెడితేనే చిరిగిపోతున్నాయి. నిన్న రికాబులో కాలు జారి మావాడి మడమ నుజ్జయింది!"

"అన్నీ కుంటిసాకులు ప్రభూ! నా తోలు జోళ్లకు అవి ఏమాత్రం తీసిపోవు," అన్నాడు సేనకు అధిపతి అయిన దళవాయి.

దర్బారుకు వచ్చేవాళ్లంతా జోళ్లు గుమ్మం బయటే విడవాలి. ఓబులేసు విసురుగా బయటికెళ్లి, దళవాయి జోళ్లు తొడుక్కుని, తన ముచ్చెలు అక్కడే వదిలేశాడు.

"దొంగ! నా జోళ్లు!" వెంటే వచ్చిన దళవాయి కేకలకు రాజు కూడా బయటికి వచ్చాడు.

"తీసిపోవన్నారుగా! నిజమైతే మావి తొడుక్కోండి. అబద్ధమైతే ప్రభువుకే చెప్పండి!" అన్నాడు ఓబులేసు.

దళవాయి ముచ్చెల్లో కాళ్లు దూర్చాడు.

"ఇక గుర్రమెక్కు, దళవాయీ," అన్నాడు రాజు.