జోగారావు మాస్టారి చేతులు

కాకినాడలో చూపులేనివారికి కంప్యూటర్ నేర్పే జోగారావు అనే మాస్టారు ఉండేవాడు. ఆయనకు విద్య కొండంత, ఓపిక గోరంత. ఆయనకూ పుట్టుకతో చూపు లేదు. తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ గొంతును రైలుబండిలా పరిగెత్తించి మరీ వినేవాడు. పక్కనున్నవాళ్లకు అది గొణుగుడే, ఆయనకు మాత్రం ప్రతి ముక్కా తెలిసేది. అంతటివాడికి ఒకటే జబ్బు. శిష్యులు కాస్త తడబడితే చాలు, చెయ్యి చాపి కీబోర్డు లాక్కునేవాడు. టకటకా నాలుగు మీటలు కొట్టి, "అయిపోయింది, పదండి!" అనేవాడు. శిష్యులు కూడా "మా మాస్టారు దేవుడండీ" అని మురిసిపోయేవారు. మురిసిపోరూ మరి, పని జరిగిపోతుంటే!

ఆయన దగ్గరికి సీతారత్నం అనే టీచరు వచ్చింది. ఏళ్ల తరబడి బడిలో తెలుగు చెప్పిన మనిషి, జబ్బు చేసి చూపు పోగొట్టుకుంది. బడి కరస్పాండెంట్ పేర్రాజు గారు చెడ్డవాడు కాదు గాని, ఖరాఖండి మనిషి. "పాఠాలు మీకు నోటికొచ్చు, నాకు తెలుసమ్మా. ప్రశ్నపత్రం కూడా మీ అంతట మీరే కంప్యూటర్‌లో తయారుచేస్తే తరగతి మీదే. లేకపోతే వేరొకరిని పెట్టుకోక తప్పదు" అన్నాడు. సీతారత్నానికి ఆ తరగతి గదే లోకం. అది కూడా పోతే ఇక తనకేం మిగులుతుందని ఆవిడ దిగులు.

ఒకరోజు ఆవిడ టైపు చేసింది సేవ్ చేసి దాచబోయి, కంట్రోల్ మీట అనుకుని దానికి కాస్త పైనున్న కాప్స్ లాక్ పట్టుకుని ఎస్ కొట్టింది. అంతే, కంప్యూటర్ గొంతు మూగబోయింది. ఈ విద్య నేర్చుకునేవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు చేసే పొరపాటే అది.

"అయ్యో మాస్టారూ! చచ్చిపోయిందండీ ఇది!"

"ఏం చావలేదు, జరగండి" అంటూ జోగారావు ఏదో కొట్టాడు. గొంతు తిరిగొచ్చింది.

"ఏం చేశారండీ?"

"మీకెందుకమ్మా ఆ తలనొప్పి? నేను లేనూ!"

కొన్నాళ్లకు పేర్రాజు గారు పరీక్షించడానికి శిక్షణ కేంద్రానికే వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. సీతారత్నం ప్రశ్నలు చక్కగా టైపు చేసింది. దాచే సమయానికి కంగారులో మళ్లీ అదే తప్పు మీట తగిలింది. కంప్యూటర్ మాట ఆగిపోయింది. పక్కనున్న జోగారావు ఉండబట్టలేకపోయాడు. చూపు లేకపోతేనేం, ఆయన చెయ్యి సూటిగా మీటల మీదికే వెళ్లింది.

"ఆగండి మాస్టారూ. మా బడిలో ఉద్యోగం చేసేది మీరా, ఆవిడా?" అన్నాడు పేర్రాజు గారు. "సోమవారం మా ఆఫీసు గదిలో ఇంకోసారి చూస్తాను. ఆవిడొక్కరే రావాలి. అదే ఆఖరు."

ఆయన వెళ్లగానే సీతారత్నం ఏడవలేదు, మండిపడింది. "నా కళ్లు జబ్బు తీసుకుపోయింది, సరే. నా చేతులు మీరెందుకు తీసుకున్నారండీ?"

ఇన్నాళ్లూ సాయం చేస్తున్నానని పొంగిపోయిన జోగారావుకు ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. సిగ్గుతో తల దించుకున్నాడు. మర్నాటి నుంచి రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టాడు.

సీతారత్నం తప్పు మీటలు కొట్టింది. తెర మీద రాస్తున్న కాగితం వదిలి మరెక్కడికో పోయింది.

"మాస్టారూ, దారి తప్పాను. చెప్పరేం?"

"ఎక్కడున్నారో దాన్నే అడగండమ్మా. అడిగే మీటలు మీకు తెలుసుగా!"

"మీరు కొట్టెయ్యొచ్చుగా!"

"కొట్టను. చేతులు తిమ్మిరెక్కి చస్తున్నాను, అయినా కొట్టను!"

ఆవిడ పకపకా నవ్వింది. నవ్వుతూనే దారి వెతుక్కుంది. గొంతు పోయినప్పుడు, పొరపాటున ఏ మీటలు తగిలాయో గుర్తు చేసుకుని, అవే మళ్లీ మళ్లీ కొట్టి చూసింది. మాట వచ్చేసింది! చెప్పేవాడు లేకుండా తెలుసుకున్న సంగతి కదా, ఆవిడ ఆనందం ఇంతా అంతా కాదు.

సోమవారం బడి ఆఫీసులో ప్రశ్నపత్రం సగంలో ఉండగా, తెర మీదికి ఏదో ప్రకటన ఊడిపడింది. టైపు చేస్తున్న అక్షరాలు వినిపించడం మానేశాయి. ఇలాంటిది జోగారావు నేర్పలేదు, ఆవిడ ఎన్నడూ ఎరగదు.

"ఎవరినైనా పిలవనా అమ్మా?" అన్నాడు పేర్రాజు గారు.

"అక్కర్లేదండీ, అడుగుతున్నాను" అంది సీతారత్నం.

"ఎవరిని?"

"దీన్నే!"

తాను ఎక్కడుందో కంప్యూటర్‌నే అడిగింది. అది ప్రకటన పేరు చదివింది. ఆవిడ దాన్ని మూసేసింది, తన ప్రశ్నల్లోకి తిరిగొచ్చింది, చివరి ప్రశ్న రాసి దాచింది. అచ్చు తీసిన కాగితం పేర్రాజు గారి చేతిలో పెట్టింది. ఆయన మొదటి నుంచి చివరిదాకా చదివాడు. ఒక్క తప్పు దొరకలేదు.

"పదండి టీచరు గారూ, ఆరో తరగతి పిల్లలు ఎదురుచూస్తున్నారు" అన్నాడు.

ఆవిడ గుమ్మంలో అడుగుపెట్టగానే పిల్లలంతా ఒక్కసారిగా లేచి "నమస్కారం టీచర్!" అని అరిచారు. అప్పుడు ఏడ్చింది సీతారత్నం.

ఎదుటివారి పని మనం చేసిపెడితే వారికి ఆ పూటే గడుస్తుంది. తప్పులు చేసి తామే దిద్దుకునేదాకా ఓపిక పడితే వారికి బతుకంతా గడుస్తుంది.