తప్పిపోతే ఎలా

నరహరి అవధానిగారిని ప్రశ్న అడిగినవాళ్ళు తరచుగా ఏదో ఒక పని నెత్తిన వేసుకుని బయటికి వచ్చేవారు. ఒకరికి బావిలో పడ్డ చేద తీసే పని తగిలేది, ఇంకొకరికి గోడకు సున్నం కొట్టే పని. రాజమహేంద్రవరంలో గోదావరి గట్టుకు దగ్గరగా ఉన్న పెంకుటింట్లో ఆయన పొద్దుటిపూట నలుగురైదుగురు గృహస్థులకు ఉపనిషత్తులు చెప్పేవారు. పాఠంలో సందేహం వస్తే శ్లోకంతో తీర్చేవారు. బతుకులో వచ్చే సందేహాలకు మాత్రం ఆయన దగ్గర శ్లోకాలు ఉండేవి కావు.

ఆ శిష్యుల్లో ఇందుమతి ఒకతె. తపాలా ఆఫీసులో ఉద్యోగం చేసి ఆ ఏడే పదవీ విరమణ చేసింది. పిల్లల చదువులూ పెళ్ళిళ్ళూ పురుళ్ళూ అయ్యేసరికి ఆమెకూ, భర్త గోవర్ధనరావుకూ తలలు నెరిశాయి. సరదాకని ఇద్దరూ కలిసి ఊరు దాటింది లేదు. అలాంటిది, ఒకనాడు కాఫీ తాగుతూ గోవర్ధనరావు వియత్నాం వెళ్దామన్నాడు.

"కాశీ ఎక్కడికీ పోదు, తర్వాతైనా చూడొచ్చు. కాళ్ళు ఆడుతుండగా మనల్ని ఎవరూ ఎరగని చోటికి పోయి తిరిగొద్దాం ఇందూ" అన్నాడు.

ఆనాటి నుంచి ఇందుమతి కాలు నేల మీద నిలవలేదు. అక్కడి రాజధాని హనోయి పాతబస్తీలో ఒక్కో వీధి ఒక్కో సరుకుకు పేరట. పట్టుకు ఒక వీధి, వెదురుకు ఒకటి, తగరపు సామాన్లకు ఒకటి. ఆ వీధుల పేర్లన్నీ పూజ చేసుకుంటూ కూడా వల్లె వేసేది. చేప తగలని భోజనం ఎక్కడ దొరుకుతుందో, ఏ నెలలో వాన ఉండదో ఫోనులో వెతికి పెట్టుకుంది. పాలవాడికి "సిన్ చావ్" అని వాళ్ళ భాషలో నమస్కారం చెబితే అతను మొదట అనుమానంగా చూసి, కొన్నాళ్ళకు తనే గేటు దగ్గర నుంచి "సిన్ చావండీ" అని పిలవడం మొదలుపెట్టాడు.

టికెట్లు తీయవలసిన రోజు వచ్చింది. ఆ ఉదయమే ఆమె హనోయి కూడలి ఒకటి వీడియోలో చూసింది. మోటారుసైకిళ్ళు వరద గోదారిలా వస్తున్నాయి. ఎక్కడా ఆగడమన్నది లేదు. జనం ఆ ప్రవాహంలోనే అడుగు వేసి దాటుతున్నారు. గోవర్ధనరావుకు చిన్నప్పటి నుంచీ కుడిచెవి వినపడదు. ఎడమవైపు నిలబడి పిలిస్తేనే పలుకుతాడు. ఇక్కడైతే ఎవరో ఒకరు భుజం తట్టి చెబుతారు. అక్కడ? సాయంత్రం దాకా ఆగమని భర్తకు చెప్పి పాఠానికి వచ్చేసింది.

పాఠం ముగిసి అందరూ లేచాక ఆమె లేవలేదు.

"గురువుగారూ, భాష రాని దేశం. ఇసక వేస్తే రాలనంత జనం. ఆయన నా పక్క నుంచి తప్పిపోతే నేనేం చెయ్యాలి? వెళ్ళమంటారా, మానమంటారా?"

అవధానిగారు వంటింటి వైపు చూశారు. భార్య పోయాక ఆయనే వండుకుంటున్నారు.

"ఇంట్లో కూర లేదమ్మా. బజారుకు వెళ్ళి లేత ఆనపకాయ ఒకటి పట్రా" అన్నారు.

ఇందుమతి కొంచెం నొచ్చుకుంది. అయినా సంచీ అందుకుంది.

మార్గశిర మాసం, పైగా గురువారం. బజారు కిటకిటలాడుతోంది. పూలబుట్టలు తలల మీదుగా పోతున్నాయి, రిక్షాలు అరటిగెలల మధ్య ఇరుక్కున్నాయి. ఆ తొక్కిసలాటలో, పూలకొట్ల వరస మధ్య, ఒక తెల్లావిడ మునివేళ్ళ మీద లేచి నాలుగు వైపులా చూస్తోంది. అరవై ఏళ్ళు ఉంటాయేమో. పొట్టిగా కత్తిరించిన నెరిసిన జుట్టు. చేతులు ఖాళీ. పాపికొండలు చూడ్డానికి వచ్చిన వాళ్ళై ఉంటారని అనుకుంటూ ఇందుమతి ఆమెను దాటి నాలుగు అడుగులు వేసింది. అంతలో వెనక నుంచి ఆ మనిషి ఎవరినో పేరు పెట్టి పిలిచింది. ఆ పేరు జనంలో ఎవరికీ తగలకుండా పోయింది.

ఇందుమతి వెనక్కి తిరిగి వెళ్ళి ఆమె మణికట్టు పట్టుకుంది.

"ఎవరమ్మా, మీ ఆయనా?" అంది తెలుగులోనే.

పక్కన బంతిపూలు తూస్తున్న నూకరత్నం తలెత్తింది. "ఆవిడకి మన మాట తెలవదండి."

"నాకు ఆవిడ మాట తెలియదుగా. సరిపోయింది" అంది ఇందుమతి.

ఆవిడ తన గుండె మీద చెయ్యి వేసుకుని "మార్తా" అంది. తర్వాత చెయ్యి పైకెత్తి ఒక మనిషి ఎత్తు చూపింది, నెత్తి మీద టోపీ చూపింది, ఫోనులో ఫోటోలు తీస్తున్నట్టు చూపింది. ఉన్న ఒక్క ఫోనూ ఆయన చేతిలోనే ఉందని తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. నూకరత్నం తక్కెడ కింద పెట్టి లేచింది. "పొడుగాయనండోయ్, నెత్తిన టోపీ, తెల్లాయన" అని పక్క కొట్టుకు అందించింది. ఆ మాట తమలపాకుల వాళ్ళను దాటి, కొబ్బరికాయల వాళ్ళను దాటి, మలుపు తిరిగి ఎటో వెళ్ళిపోయింది. మార్తా చెయ్యి ఇందుమతి చేతిలోనే ఉంది. చల్లగా ఉంది. ఇందుమతి ఆ చేతిని రెండు చేతులతో రుద్దుతూ, "దొరుకుతారు. ఎక్కడికి పోతారు? మా ఊరు అలాంటిది కాదు" అని చెబుతూనే ఉంది. మార్తా ఆ మాటలన్నిటికీ తల ఊపింది.

కాసేపటికి జవాబు వెనక్కి వచ్చింది. బెల్లం కొట్ల దగ్గర ఉన్నాడట.

నూకరత్నంతో కలిసి ముగ్గురూ అటు పరుగులాంటి నడక నడిచారు. బెల్లం కొట్టు ముందు ముక్కాలి పీట మీద ఆ పొడుగాయన కూర్చుని ఉన్నాడు. ఎవరో ఆయన నెత్తిన గొడుగు పట్టారు. చేతిలో నిమ్మసోడా ఉంది. కొట్టు యజమాని మాత్రం ఆయన మోచెయ్యి వదలకుండా పట్టుకు నిలబడ్డాడు.

"ఈయన లేచి ఆవిణ్ణి వెతకడానికి వెళ్తానంటాడండి. ఇద్దరూ తిరుగుతుంటే సాయంత్రం దాకా కలుసుకోరు. అందుకే కూర్చోబెట్టా" అన్నాడు ఇందుమతితో.

మార్తా భర్త మెడను వాటేసుకుంది. వెంటనే దూరం జరిగి, నడుం మీద చెయ్యి వేసుకుని, తన భాషలో చీవాట్లు మొదలుపెట్టింది. ఆయన తలొంచుకుని టోపీ అంచు తిప్పుతున్నాడు. ఇందుమతికి ఒక్క ముక్కా రాని ఆ భాషలో ఒక్క మాట కూడా అర్థం కాకుండా పోలేదు. గోవర్ధనరావును తను రోజూ అనేవే. ఆమెకు నవ్వు ఆగలేదు. అది చూసి మార్తా నవ్వింది, తర్వాత బజారంతా నవ్వింది.

అప్పటికి వచ్చిపడ్డ పని అయిపోయినట్టే. కానీ ఇందుమతికి వాళ్ళను వదలబుద్ధి కాలేదు. బెల్లం రుచి చూపించింది. మార్తా పొట్టి జుట్టులో కనకాంబరాలు నిలవకపోతే నూకరత్నం తన తలలోని పిన్ను తీసి గుచ్చి నిలబెట్టింది. మార్తా తమ దేశం పేరు చెబితే మొదటిసారి అందలేదు, రెండోసారి పోలండు అని తెలిసింది. తను కూడా విమానం ఎక్కబోతున్నానని ఇందుమతి రెండు చేతులూ రెక్కల్లా చాపి చూపింది. వియత్నాం అంది. మార్తా చప్పట్లు కొట్టింది. తర్వాత వాళ్ళిద్దరినీ ఆటో ఎక్కించి, వాళ్ళు ఫోనులో చూపిన హోటలుకు దారి డ్రైవరుకు చెప్పి, ఇందుమతి ఇంకో ఆటోలో కూర్చుంది. దారిలో భర్తకు ఫోను చేసింది.

"టికెట్లు తీసేయండి."

"పొద్దున ఆగమన్నావుగా?"

"అది పొద్దున. ఇప్పుడు తీసేయండి" అంది.

మధ్యాహ్నం దాటాక అవధానిగారింటి మెట్లెక్కింది. సంచీ ఖాళీగా ఉంది. ఆనపకాయ సంగతే మరిచిపోయిందని అప్పటికి గాని తట్టలేదు. ఆయన ముద్దపప్పు వండుకుని, ఆమెకూ ఒక విస్తరి వేసి ఉంచారు. అన్నం చల్లారుతున్నా ఇందుమతి జరిగిందంతా ఒక్క ఊపున చెప్పింది. కన్నీళ్ళతో చెప్పింది, నవ్వుతూ చెప్పింది. తనే ఏదో దూరదేశం వెళ్ళి ఇప్పుడే దిగినట్టు ఆమె మొహం వెలిగిపోతోంది. చివరికి ముద్ద కలుపుతూ తలెత్తింది.

"టికెట్లకైతే చెప్పేశాను గురువుగారూ. కానీ మీరు నా ప్రశ్నకు జవాబు చెప్పలేదు. అక్కడ ఆయన తప్పిపోతే నేనేం చెయ్యాలి?"

అవధానిగారు ఆమె పప్పులో నెయ్యి వడ్డించి, గిన్నె పక్కన పెట్టారు.

"హనోయిలో కూడా పొద్దున్నే కూరలకు వెళ్ళే ఆడవాళ్ళు ఉంటారు కదమ్మా" అన్నారు.