ఒక్క పిసరు తేడా రాని సత్తు పడవ

గోదారి గట్టున పిచికలమెరక అని ఒక ఊరుంది. ఆ ఊరికి రావలసిన తెలివంతా ఒక్క ఇంట్లోనే దిగిపోయింది, మిగతావాళ్ళకి ఏమీ మిగల్లేదు. ఈ మాట నేనన్నది కాదు, ఆ ఇంటివాళ్ళే అనుకునేవారు. గవరయ్య, బుల్లియ్య, పల్లాలు అని ముగ్గురన్నదమ్ములు. సత్తు గిన్నెలకి సొట్టలు తీసే కార్ఖానా వాళ్ళది. గుమ్మం మీద "ఇచ్చట చెప్పింది చెప్పినట్టు చేయబడును" అని పెద్ద బోర్డు.

"తెలివంటే అదేరా," అనేవాడు పెద్దవాడు గవరయ్య. "సొంతంగా ఆలోచించినవాడు చెడిపోతాడు."

"మనం ఎప్పుడైనా ఆలోచించామా అన్నయ్యా?" అనేవాడు బుల్లియ్య గర్వంగా.

"ఒట్టు, ఒక్కనాడూ లేదు," అనేవాడు పల్లాలు.

ఏటి మధ్యలో చినలంక అని ఉంది. దాని సర్పంచి నూకరత్నం వీళ్ళకి పెద్దమ్మ కూతురు. లంకకి ఉన్న ఒక్క చెక్కపడవా అడుగు పుచ్చి మునిగిపోయింది. ఆషాఢంలో గోదారి ఎర్రబడిందంటే లంకకీ గట్టుకీ దారుండదు. కిందటేడు పదకొండు రోజులు ఇరుక్కుపోయి నలభై గడపలవాళ్ళూ ఉడకబెట్టిన అరటికాయలు తిని బతికారు. "ఈసారి వరద వచ్చేలోపు పుచ్చని పడవ తెస్తాను, సత్తుది తెస్తాను" అని నూకరత్నం ఊరందరి ముందూ మాటిచ్చింది. ఇచ్చి, తిన్నగా వచ్చి ఈ బోర్డు కింద నిలబడింది. పాపం, చుట్టరికం ఆవిడ కళ్ళు కప్పేసింది.

సత్తు రేకుల్ని, అంటే అల్యూమినియం రేకుల్ని, మామూలు వెల్డింగుతో అతికితే వంకర్లు పోతాయి. అందుకని టౌను కాలేజీలో మిషన్ల పాఠం చెప్పే భానుమూర్తి మాస్టారు ఒక పాత మిషను ఇప్పించి, స్వయంగా వచ్చి నేర్పారు.

"చూడండర్రా, ఇందులో నిప్పుండదు, కరిగించడం ఉండదు. ఈ లావుపాటి మేకు గిర్రున తిరుగుతూ రెండు రేకుల్లోకీ దిగబడుతుంది. ఆ రాపిడికి సత్తు మెత్తబడి, చలిమిడి కలిపినట్టు కలిసిపోతుంది. మధ్యలో ముందే జిగురు రాశారంటే చుక్క నీరు దూరదు. జిగురు ఆరేదాకా అదిమి పట్టండి, వదలొద్దు. మేకు ఎంత జోరుగా తిరగాలో, ఎంత నెమ్మదిగా నడవాలో, ఎంత నొక్కాలో కుదిరేదాకా ముక్కల మీద చేసి చూడండి. ఒక్కసారికి ఒక్కటే మార్చండి. మిగతావన్నీ మొదటి రోజు ఎలా ఉన్నాయో అలాగే ఉండాలి. అన్నీ పుస్తకంలో రాసుకోండి. పని బాగా కుదిరిందనిపించాక, అతికినదాన్ని రెండు వైపులా పట్టి తెగేదాకా లాగండి. అతుకు ఊడితే పనికిరానట్టు. అతుకు నిలిచి పక్కన రేకు చిరిగితే ఇంక తిరుగులేదు."

"ఆయ్, అలాగేనండి," అన్నారు ముగ్గురూ. మాస్టారు బస్సెక్కారు. అంతే.

మొదటి రోజు పల్లాలు పుస్తకం తెరిచాడు. మేకు తిరుగుడు ఎంతో రాశాడు, నడక ఎంతో రాశాడు. "అన్నీ రాయమన్నారుగా!" అని గవరయ్య గుర్తు చేశాడు. ఇంకేముంది, గవరయ్య గెడ్డం మూడు రోజులది అని రాశాడు. బుల్లియ్య చొక్కాకి రెండో బొత్తాం లేదని రాశాడు. వదిన అమ్మన్న వండింది బీరకాయ కూర. పక్కింటి గేదె కిటికీలోంచి తల పెట్టి రెండుసార్లు అరిచింది. అదీ రాశాడు.

ఆనాటి అతుకు కోసి చూస్తే లోపల ఎలక బొరియలా ఖాళీ ఉంది. మేకు మరీ తొందరగా నడిచిందని ఎవరికైనా తెలుస్తుంది. వీళ్ళకీ తెలిసింది, అబద్ధమెందుకు! మర్నాడు నడక తగ్గించారు. మరి మిగతావి మొదటి రోజులాగే ఉండాలి కదా? గవరయ్య గెడ్డాన్ని రోజూ స్కేలు పెట్టి కొలిచి మూడు రోజుల పొడవుకి కత్తిరించుకున్నాడు. అమ్మన్న బొత్తాం కుట్టబోతే బుల్లియ్య ఆవిడ చేతిలో సూది లాక్కున్నాడు. గేదెని కిటికీ దగ్గరికి ఈడ్చుకొచ్చి "అరువమ్మా" అని బతిమాలారు. అది రెండుసార్లు అరిచింది. తోక మెలిపెట్టిన కోపం తీరలేదేమో, మూడోసారి కూడా అరిచింది.

"చచ్చాం రోయ్!" అన్నాడు గవరయ్య. "రెండు మారిపోయాయి. నడకా మారింది, అరుపూ మారింది. ఇవాళ్టి అతుకు లెక్కలోకి రాదు, పారెయ్యండి." పారేశారు. అది కుదిరిన అతుకో కాదో గేదెకే తెలియాలి.

ఇంతలో జిగురు దగ్గరికొచ్చింది. మాస్టారు అదిమి పట్టి వదలొద్దన్నారు. ఇంట్లో బిగింపులు డజను ఉన్నాయి. కానీ ఆయన బిగించమనలేదుగా, పట్టమన్నారు! బుల్లియ్య రెండు రేకుల మధ్యా జిగురు రాసి, అంచులమ్మట కారుతున్నా లెక్కచెయ్యక, అరచెయ్యి ఆనించి అదిమిపట్టి కూర్చున్నాడు. మర్నాటికి జిగురు ఆరింది. రేకూ రేకూ అతుక్కుంది, వాటితోపాటు బుల్లియ్య కూడా అతుక్కున్నాడు.

"జిగురు భేషుగ్గా ఉందన్నయ్యా, ఎంత లాగినా రావట్లేదు!" అని మురిసిపోయాడు. వేణ్ణీళ్ళూ కొబ్బరినూనే పోసి పోసి, సగం తోలు రేకుకి వదిలేసి చెయ్యి ఊడదీశారు. మనబోటివాళ్ళం అక్కడితో బుద్ధి తెచ్చుకుంటాం. వాళ్ళు పుస్తకం తెరిచి "ఒక్కసారికి ఒక్కటే మార్చండి" అన్న మాట చదువుకున్నారు. మార్చారు. ఈసారి ఎడమచెయ్యి పెట్టారు.

అలా పందొమ్మిది రోజులు. పందొమ్మిది బీరకాయ కూరలు. ఇరవయ్యో రోజున, దేవుడికి విసుగొచ్చిందేమో, అతుకు అద్దంలా కుదిరింది. వెంటనే పడవ మొదలుపెట్టి ఆరు రోజుల్లో పూర్తిచేశారు. ఏ మాటకామాటే చెప్పాలి, ముచ్చటైన పడవ. నూకరత్నం ఆకుపచ్చ చీర కట్టుకుని, లంక పెద్దలు నలుగుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. పడవని తడిమి తడిమి చూసుకుంది.

"ఒరేయ్ గవరయ్యా, పిల్లాపాపా ఎక్కే పడవ. అతుకు ఊడదని నమ్మకమేనా?"

"నమ్మకమేంటక్కా, చూపిస్తాం కూర్చో!"

రెండు ట్రాక్టర్లు వచ్చాయి. ఒకటి ముందు, ఒకటి వెనక. గొలుసులు కట్టారు. ఏటికి ఈడుస్తారనుకుంది నూకరత్నం. వెనక ట్రాక్టరు అవతలివైపుకి తిరిగి ఉందేమిటా అని అనుమానం వచ్చేసరికే రెండూ కదిలాయి. అంతే! పడవ మూలిగింది, గిలగిల్లాడింది, ఫెళ్ళున రెండయింది.

ముగ్గురన్నదమ్ములూ పరిగెత్తుకెళ్ళి వంగి చూశారు. "చిరిగింది రేకేనక్కా! అతుకు చెక్కుచెదర్లేదు! తిరుగులేదు!" అని గెంతులేశారు. నూకరత్నం అక్కడే అరుగు మీద కూలబడి నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. పల్లాలు పుస్తకం తీశాడు. మీరు నమ్మరుగానీ, అదీ రాసుకున్నాడు.

కబురు విని మాస్టారు పరిగెత్తుకొచ్చారు. కాసేపు తల పట్టుకుని కూర్చున్నారు. తరవాత కళ్ళజోడు పెట్టుకుని చిరిగిన చోటు చూశారు. ఏం చెప్పను, ఆయనకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

"అమ్మా, వీళ్ళు శుద్ధ మొద్దులు, అతుకు మాత్రం బంగారం. రేకులు రేపే పంపిస్తాను, వారంలో ఇంకోటి అవుతుంది." ఆపైన అన్నదమ్ముల వైపు తిరిగి వేలు ఝళిపించారు. "అచ్చం ఇలాగే చెయ్యండి. పుస్తకంలో ఉన్నదాంట్లో ఒక్క పిసరు తేడా వచ్చిందా, మీ అంతు చూస్తాను. కొత్త తెలివి చూపించారో, ఊరుకోను!"

"ససేమిరా చూపించమండి," అన్నారు ముగ్గురూ చెంపలేసుకుని.

ఆ వారంలోనే గోదారి ఎర్రబడింది. లంకవాళ్ళు అరటిబోదెలు కట్టిన తెప్ప మీద ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని దాటుతున్నారు. కోసిన గెలలు రేవులో ముగ్గిపోతున్నాయి. ఇంకో జానెడు పెరిగితే తెప్ప కూడా కట్టెయ్యాలి. అలాంటప్పుడు పిచికలమెరక నుంచి కబురొచ్చింది, "పడవ అయిపోయింది, అక్కా, ఆ ఆకుపచ్చ చీరే కట్టుకుని రా" అని. ఏదో మంచి శకునానికి అంటున్నారనుకుని అదే చీర కట్టుకుని, ఆ నలుగురు పెద్దల్నే వెంటబెట్టుకుని, తెప్ప మీద తడిసి ముద్దయి గట్టెక్కింది నూకరత్నం.

పడవ మెరిసిపోతోంది. ముందరిదానికీ దీనికీ తేడా కనిపెట్టడం బ్రహ్మతరం కూడా కాదు. నూకరత్నం కళ్ళు చెమర్చాయి. "మొద్దులైతేనేంరా, నా పరువు నిలబెట్టారు," అంది.

గవరయ్య గెడ్డం మూడు రోజులది. బుల్లియ్య చొక్కాకి రెండో బొత్తాం లేదు. గేదె రెండుసార్లు అరిచి ఊరుకుంది. "అక్కా, అలా కాదు, ఈ అరుగు మీద ఈ మూలకి కూర్చో," అని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు. రెండు ట్రాక్టర్లు వచ్చాయి.

"ఏటికి ఈడవడానికి ఒకటి చాలదట్రా? వెనకది దేనికి?" అంది నూకరత్నం.

"పోయినసారి ఉందిగా అక్కా," అన్నాడు గవరయ్య.

ఆవిడకి అర్థమై "ఆపండ్రా!" అని లేచేలోపు గొలుసులు బిగిశాయి. పడవ మూలిగింది, గిలగిల్లాడింది, ఫెళ్ళుమంది. అదే చోట, అదే వంకరలో, అచ్చం అలాగే రెండయింది. అతుకు చెక్కుచెదర్లేదు. రేవులో నీళ్ళు అప్పుడే తెప్ప కట్టిన రాటని ముంచేస్తున్నాయి.

నూకరత్నం నిలబడిపోయింది. కేక లేదు, కన్నీటి చుక్క లేదు. పల్లాలు పుస్తకం మీద వేలు పెట్టి చివరి గీత దాకా వచ్చి ఆగిపోయాడు. వాడి మొహం పాలిపోయింది. అన్నల చెవిలో ఏదో చెప్పాడు. ముగ్గురూ గాభరాగా వచ్చి ఆవిడ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"ఏడవవేంటక్కా?" అన్నాడు గవరయ్య దీనంగా. "పోయినసారి ఇక్కడే కూలబడి ఏడ్చావు. ఒక్క పిసరు తేడా వస్తే మాస్టారు మా అంతు చూస్తారు."