పిప్పికుప్ప దిగని వైద్యుడు

ఆ చెరకు గానుగ పాకలో కోడిపుంజు కంటే ముందు లేచేవాడు పుల్లన్న. ఎర్రమట్టి రంగు ఎద్దు. ఎనిమిదేళ్లుగా వెలపటి జాగా, అంటే బయటి వైపు, అతనిదే. లోపలి వైపు నడిచే బొల్లన్నది చిన్న చుట్టు. బొల్లన్న పది అడుగులు వేసే లోపు పుల్లన్న పదిహేను వెయ్యాలి. ఆ అయిదు అడుగులే పుల్లన్న గొప్ప.

నిరుటి నుంచి అతనికో బాధ పట్టుకుంది. నడుస్తూ ఉండగా వెనక తొడ ఉన్నట్టుండి రాయిలా బిగుసుకుపోతుంది. తడిగుడ్డను పిండినట్టు కండ మెలిపడుతుంది. వంద ఊపిర్లు తీసేదాకా కాలు కదలదు. తర్వాత దానంతటదే వదిలేస్తుంది. ఒకరోజు రెండుసార్లు వస్తుంది, మళ్లీ నాలుగు రోజులు జాడ ఉండదు.

కొంగ వైద్యుడు ముక్కుతో పొడిచి చూసి వయసన్నాడు. పొట్టేలు వైద్యుడు ఉప్పు నాకమన్నాడు. నాకాడు, తగ్గలేదు. మిగిలింది నక్క వైద్యుడు.

నక్క వైద్యుడు చెరకు పిప్పికుప్ప మీద కూర్చునే రోగులను చూస్తాడు. కింద కుక్క తిరుగుతుందని ఆయన భయం. అది చెప్పుకోలేక, “నా చూపుకు దగ్గరా దూరమూ లేదు” అంటాడు. నోట్లో చెరకు ముక్క, సగం మూసిన కళ్లు.

“ఇప్పుడు పట్టిందా?” అన్నాడు నక్క.

“ఇప్పుడు లేదండీ. నడిచేటప్పుడు వస్తుంది.”

“నా ముందుకొస్తే పోతుంది, కాడి ఎత్తితే వస్తుంది. భలే తెలివైన నొప్పే!”

“మీ దగ్గరకు రావడం ఇది మూడోసారి. ఒక్కసారి దిగి, కాలు పట్టి చూడండి.”

“దిగక్కర్లేదోయ్. కాలు స్తంభంలా ఉంది. రోగం నీ బుర్రలో ఉంది. ఆలోచన తగ్గించు.”

పక్కనే గింజలేరుకుంటున్న పుంజు ఆ మాట పట్టుకుంది. మధ్యాహ్నానికి పాకంతా చాటింది. “మేత మేసేటప్పుడు రాదేం ఆ నొప్పి? నాటకం కాకపోతే!”

ఎవరు ఎటు నిలబడాలో ఆ పాకలో పశువులే తేల్చుకుంటాయి. రైతు తాడు కట్టేవాడు, అంతే. ముసలి గేదె నల్లపెద్దమ్మ మాటే తీర్పు.

“రేపు పొద్దున అందరి ముందూ వైద్యుడిని అడుగుదాం” అంది పెద్దమ్మ. “నాటకమని తేలితే వెలపటి జాగా పాకలో ఉన్న ఆ కుర్ర కోడెకిస్తాం.”

నిరుటి నుంచి తొడ ఎన్నిసార్లు నొచ్చినా పుల్లన్న అరవలేదు. ‘నాటకం’ అన్న మాటకు మాత్రం ఆ పూట మేత ముట్టలేదు.

“అన్నా, నా జాగాకు వచ్చెయ్యి. లోపల చుట్టు చిన్నది” అన్నాడు బొల్లన్న.

“జాలిపడి ఇచ్చేది నాకొద్దురా తమ్ముడూ. పట్టినప్పుడు వంద ఊపిర్లు ఆగండి, చాలు. మిగతాదంతా నేను నడుస్తాను.”

తెల్లవారాక, తొట్టి దగ్గర నీళ్లు తాగి వస్తూ పుల్లన్న తుమ్మచెట్టు కింద ఆగాడు. నేల మీద పడి ఉన్న బారెడు కొమ్మలో ఒక పొడుగాటి ముల్లు చూసుకున్నాడు. కుడి వెనక కాలు దాని మీద మోపి, గట్టిగా నొక్కాడు.

“ఏం పనన్నా ఇది!” అన్నాడు వెనకే వస్తున్న బొల్లన్న.

“నోరు మూసుకుని నడు.”

పాకలో అందరూ చేరారు. పుల్లన్న కుంటకుండా నడిచి కుప్ప ముందు నిలబడ్డాడు. “వైద్యుడు గారూ, ఇవాళ కుడి వెనక కాలు. బాగా చూసి చెప్పండి.”

నక్క చెరకు నములుతూనే ఉన్నాడు. “చూశాను. ఏమీ లేదు.”

“కొంచెం కిందికి దిగి...”

“నీకు కొమ్ములు మొలవక ముందు నుంచీ చూస్తున్నానోయ్ కాళ్లు!”

“పెద్దమ్మకు వినపడేలా చెప్పండి మరి.”

నక్క గొంతు పెంచాడు. “ఆ కాలికి ఏమీ లేదు! ఉందని తేలితే మళ్లీ ఈ కుప్ప ఎక్కను!”

పుల్లన్న కాలు ఎత్తి గిట్ట చూపించాడు. వేలెడు ముల్లు సగం దిగబడి ఉంది. నెత్తురు చుక్కలుగా కారుతోంది.

ముందు కోడె నవ్వింది, తర్వాత పాకంతా నవ్వింది.

“మోసం! కావాలని గుచ్చుకున్నాడు!” అని అరిచాడు నక్క.

“అవును, నేనే గుచ్చుకున్నాను” అన్నాడు పుల్లన్న. “అందరికీ కనిపించే ముల్లే మీకు కనిపించలేదు. కండలో దాగిన నొప్పి లేదని అంత దూరం నుంచి ఎలా తేల్చారు?”

నక్క కుప్ప దిగాడు. రోగి ముందు దిగడం రెండేళ్లలో అదే మొదటిసారి. ఆయన భయపడ్డ కుక్క కళ్లు తెరిచి, ఆవలించి, మళ్లీ పడుకుంది.

పుంజు తల వంచుకుని వచ్చి ముక్కుతో ముల్లు లాగింది. “నిన్నటి మాట తప్పు, పుల్లన్న మావా.”

“పాకంతా చాటావుగా. ఇది కూడా అంతే గట్టిగా చాటు.”

“వెలపటి జాగా పుల్లన్నదే” అంది పెద్దమ్మ. “నొప్పి పట్టి అతను ఆగితే, వదిలేదాకా గానుగా ఆగుతుంది.”

గిట్ట పుండు ఆరిన నాడు పుల్లన్న మళ్లీ కాడి ఎత్తాడు. ఏడో చుట్టులో తొడ బిగుసుకుంది. బొల్లన్న తనంతట తానే ఆగాడు. పాకలో ఎవరూ నాటకమనలేదు. ఆ పట్టు ఎందుకొస్తుందో ఈనాటికీ ఎవరికీ తెలియదు. వంద ఊపిర్లయ్యాక పుల్లన్న తలెత్తి పదిహేను అడుగుల నడక మళ్లీ మొదలుపెట్టాడు.

నొప్పి లేదని చెప్పేవాడు ముందు దిగొచ్చి కాలు పట్టి చూడాలి.